బాగున్నానని చెప్పు

నరసరావుపేట దాటాక మిరపచేల దగ్గర టీకి బండి ఆపాను. జనవరి నెల. చేలన్నీ ఎరుపెక్కి ఉన్నాయి. గట్టు మీద నీలం పట్టాలు కప్పిన గుడిసెలు, మూడు రాళ్ల పొయ్యిలు, మట్టిలో ఆడుకుంటున్న పిల్లలు. బండి ముందు నేను అంటించుకున్న సిలువ బొమ్మ చూసి ఒకామె దగ్గరికి వచ్చింది.

“వందనాలన్నా. యాడికి పోతావు?”

బళ్లారి అన్నాను.

“అట్లయితే ఆదోని మీదనే గదా పోయేది. మా అమ్మను చూసి పోతావా? ఫోన్ చేస్తే బాగున్నా, బాగున్నా అంటాది. నువ్వు కండ్లతో చూసి చెప్పు.”

బాపట్లలో బయలుదేరినప్పుడు ఇలాంటి బరువేదీ నేను కోరుకోలేదు. నాన్న పోయిన ఏడాదంతా నా నోట ప్రార్థన రాలేదు. ఒంటరిగా మోటారుసైకిల్ మీద సముద్రపు ఒడ్డు నుంచి బళ్లారి దాకా వెళ్తే, మనుషుల సందడి లేని చోట దేవుడి మాట వినపడుతుందనుకున్నాను. బళ్లారి ఎందుకంటే, లండన్ మిషన్ తరఫున జాన్ హ్యాండ్స్ 1810లో వచ్చి పని మొదలుపెట్టింది అక్కడే. 1831లో కన్నడ బైబిలు మొత్తంగా అచ్చయిందీ అక్కడే. మిషనరీల చరిత్ర చదివే అలవాటు నాన్నది. ఆ ఊరు చూడాలని ఆయన ఎప్పుడూ అనేవాడు.

ఊరి పేరు, ఇంటి గుర్తు చెప్పించుకుని బయలుదేరాను. వినుకొండ, దోర్నాల, ఆత్మకూరు మీదుగా నల్లమల దాటి, రాత్రికి కర్నూలు. మర్నాడు శనివారం కోడుమూరు, గోనెగండ్ల దారి పట్టాను. హంద్రి మీది గాజులదిన్నె ప్రాజెక్టుకు దామోదరం సంజీవయ్య పేరు పెట్టారు. కర్నూలు పక్కన పెద్దపాడులో పుట్టి, 1960లో దేశంలోనే తొలి దళిత ముఖ్యమంత్రి అయిన మనిషి. ఒక చెరువంత నీటికి ఆయన పేరుండటం నాకు చాలా సంతోషమనిపించింది.

ఎమ్మిగనూరులో ఉగ్గాని, మిరపకాయ బజ్జీ తిన్నాను. ఇది మాచాని సోమప్ప ఊరు. 1938లో ఆయన నేతగాళ్లను కూడగట్టి సహకార సంఘం పెట్టాడు. 1954లో పద్మశ్రీ వచ్చింది. ఇంట్లోనే మగ్గం, ఇంట్లోనే కూలి దొరకాలన్న ఆలోచన అది. ఆ రోజు దారి పొడవునా కనబడిన తాళాలు ఆ ఆలోచన విలువేమిటో నాకు చెప్పాయి.

తాళాలంటే నిజంగా తాళాలే. ఆమె చెప్పిన ఊళ్లోకి వెళ్తే వీధికి సగం ఇళ్లు మూసి ఉన్నాయి. గుంటూరు వైపు మిరపకోతకు పోవడాన్ని ఇక్కడ ‘సుగ్గికి పోవడం’ అంటారు. కన్నడంలో సుగ్గి అంటే కోతల కాలం, పంట ఇంటికొచ్చే సంబరం. సొంత చేనుకు చెందాల్సిన మాట ఇక్కడ వలసకు పేరైంది. తుంగభద్ర దిగువ కాలువ ఈ ప్రాంతం మీదుగానే పోతుంది గానీ, చాలా పొలాలకు వానే దిక్కు. పత్తి, వేరుశెనగ చేతికొచ్చినా రాకపోయినా అప్పు మాత్రం ఆగదు.

ముసలమ్మ అరుగు మీద కూర్చుని ఉంది. కూతురు పంపిందనగానే లేవబోయి, లేవలేక, నవ్వింది. “కూసో నాయనా. రొట్టె తింటావా?” జొన్నరొట్టె, శెనక్కాయల పొడి పెట్టింది. కుడికాలు మోకాలి కింద ఉబ్బి నిగనిగలాడుతోంది. నా చూపు పట్టుకుని చీర కిందికి లాక్కుంది. “బాగున్నానని చెప్పు. ఆ పిల్ల సుగ్గి ఇడిసి వస్తే అప్పెట్ల తీరుతాది?”

ఆ రాత్రి పాస్టరుగారింట్లో పడుకున్నాను. పొద్దున్నే ఆరాధన. మందిరం నిండా ముసలివాళ్లు, పిల్లలు. మధ్యవయసు మనుషులు వేళ్ల మీద లెక్కపెట్టేంతమంది. ప్రార్థన మనవులు చెప్పమంటే ఒక్కొక్కరే లేచి ఊళ్ల పేర్లు చెప్పారు: గుంటూరు, సత్తెనపల్లి, బెంగళూరు. లారీలో పోయినవాళ్లు క్షేమంగా తిరిగి రావాలి. పట్టా కింద పాము రాకూడదు. మేస్త్రీ కూలి సరిగా ఇవ్వాలి. ఏ ఊరు వెళ్లినా ‘ప్రయాణంలో తోడుండు దేవా’ అనే మాట చిన్నప్పటి నుంచీ వింటున్నాను. అది ఇంత అవసరంగా పలకడం నేను వినలేదు. నేను ఇష్టపడి బయలుదేరినవాణ్ణి. వాళ్లవి బయలుదేరక తప్పని ప్రయాణాలు.

మా నాయనమ్మ చెప్పిన మాట గుర్తొచ్చింది. 1876-78 నాటి ధాత కరువులో మావాళ్లు బకింగ్‌హామ్ కాలువ పనికి పోయారట. ఒంగోలు మిషనరీ జాన్ క్లౌ ఆ కాలువలో కొంత తవ్వకానికి కాంట్రాక్టు పట్టి, ఆకలితో ఉన్నవాళ్లకు పని ఇప్పించాడు. ఆ తర్వాత 1878 జులై 3న గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. పూర్వీకుల విశ్వాసం గురించి మేము గొప్పగా చెప్పుకుంటాం. ఆ విశ్వాసం తలమీద మట్టి గంప పెట్టుకుని పరాయి ఊళ్లో నిలబడి మొదలైందని ఆ మందిరంలో కూర్చున్నప్పుడే నాకు నిజంగా తెలిసింది. ఏడాది తర్వాత మొదటిసారి ప్రార్థన చేశాను. నా గురించి ఒక్క మాటా రాలేదు.

ఆరాధన అయ్యాక పాస్టరమ్మగారితో ముసలమ్మ కాలు సంగతి చెప్పాను. ఆమె మరో ఆలోచన లేకుండా ఆదోని ఆసుపత్రికి ఆటో పిలిపించింది. ఆటో వెనకే నా బండి. పత్తి మూటలతో పోయే ట్రాక్టర్లు, దూరంగా ఆదోని కోట కొండలు. మిల్లుల కళతో ఒకప్పుడు రెండో బొంబాయి అనిపించుకున్న ఊరు. ఇక్కడ పాలన చేసిన సిద్ది మసూద్ ఖాన్ మంచాల గ్రామాన్ని రాఘవేంద్రస్వామికి ఇచ్చాడని ఈ సీమంతా చెప్పుకుంటుంది. ఆ మంచాలే మంత్రాలయం. మసూద్ ఖాన్ కట్టించిన జామియా మసీదు చూడాలనుంది. ఆ రోజు కుదరలేదు. బళ్లారి కూడా కుదరదని అప్పటికే తెలిసిపోయింది, అయినా బాధ కలగలేదు.

డాక్టరు కాలు చూసి, రెండు రోజులు ఉంచాలన్నాడు. వరండా బెంచీ మీద కూర్చోబెట్టి కూతురికి ఫోన్ కలిపాను.

“బాగున్నా, బాగున్నా,” అంది ముసలమ్మ. అవతల కూతురు ఏదో అడుగుతోంది. మళ్లీ “బాగున్నా” అనబోయి ఆగింది. నావైపు చాలాసేపు చూసింది. తర్వాత ఫోన్ నా చేతిలో పెట్టి, మొహం పక్కకు తిప్పుకుంది.