రీలు తిరుగుతోందా?

పోయిన నెల మా మేనల్లుడు ఫోన్ చేశాడు. "మావయ్యా, ఓ ఫిల్మ్ కెమెరా కొందామనుకుంటున్నా. పదివేల లోపు ఏది బాగుంటుంది?" అని. వాడు ఇంజనీరింగ్ రెండో సంవత్సరం. వాడికి ఊహ తెలిసేసరికే ఊళ్ళో రీళ్ళు కడిగే షాపులు మూతబడ్డాయి. ఇప్పుడు క్లాసులో సగం మందికి ఈ పిచ్చి పట్టిందట. ఈ విషయంలో నన్ను సలహా అడగటమంటే తాగుబోతుని బ్రాందీ షాపు అడ్రసు అడగటమే. గంటన్నర వాయించాను.

నా పిచ్చి 2008లో న్యూజెర్సీలో ఆన్‌సైట్‌లో ఉన్నప్పుడు మొదలైంది. జనమంతా డిజిటల్‌కి మారిపోతూ పాత ఎస్సెల్లార్లని గరాజ్ సేల్స్‌లో కుక్కర్ల పక్కన, పిల్లల సైకిళ్ళ పక్కన పెట్టి అమ్మేసేవారు. నలభై డాలర్లకి పెంటాక్స్ కె1000, దాంతో పాటు 50 ఎం.ఎం. ఎఫ్ 2 లెన్సు దొరికింది. ఈ కెమెరా 1976 నుంచి 1997 దాకా తయారయింది. ఇందులో ఏమీ ఉండదు. సెల్ఫ్ టైమర్ లేదు, ఆటో అన్న మాటే లేదు. మీటర్‌కి ఆన్ ఆఫ్ స్విచ్ కూడా లేదు, లెన్సుకి మూత పెట్టడమే ఆఫ్ చేయడం! ఆ మీటర్ కోసమే ఓ చిన్న బ్యాటరీ, అది అయిపోయినా షట్టర్ పనిచేస్తూనే ఉంటుంది. రిక్వైర్‌మెంట్ డాక్యుమెంట్‌లో ఉన్నది మాత్రమే చేసి ఆపేసిన ప్రోగ్రామర్ ఎవరో రాసినట్టుంటుంది. నాకు భలే నచ్చింది.

అక్కడితో ఆగితే ఈ కథే లేదు. ఆగలేదు. 2012లో హైదరాబాద్ తిరిగొచ్చేసరికి సూట్‌కేసులో తొమ్మిది కెమెరాలు, పధ్నాలుగు లెన్సులు. మా ఆవిడ బట్టలు సర్దుతూ, "ఇన్ని కెమెరాలున్నాయి కదా, మన ఆల్బమ్‌లో రెండేళ్ళుగా ఒక్క కొత్త ఫోటో లేదేంటండీ?" అంది. నా దగ్గర జవాబు లేదు. ఆఫీసు నుంచి రాగానే లెన్సుల రివ్యూలు చదవడం, వేలంపాటలు చూడటం, వచ్చినదాన్ని తుడిచి అల్మరాలో పెట్టడం. ఫోటో తీయడం అన్నది ఎప్పుడూ వచ్చే వారం పని.

సరే, మేనల్లుడికి చెప్పింది మీకూ చెప్తాను. ముందు చూడాల్సింది కెమెరా మోడల్ కాదు, దాని మౌంటు. అంటే లెన్సు తగిలించే మూతి. బాడీ పాడైతే ఇంకోటి కొనచ్చు, లెన్సులు మాత్రం జీవితాంతం వెంట వస్తాయి. నికాన్ 1959లో పెట్టిన ఎఫ్ మౌంటునే దశాబ్దాల పాటు కొనసాగించింది. అన్ని లెన్సులూ అన్ని బాడీల మీదా పూర్తిగా పనిచేయవు, మినహాయింపులున్నాయి, అయినా బ్యాక్‌వర్డ్ కంపాటిబిలిటీ అంటే అదీ. కానన్ మాత్రం 1987లో ఆటోఫోకస్ కోసం పాత ఎఫ్‌డి మౌంటుని ఒక్క దెబ్బతో వదిలేసింది. పైగా కొత్త మౌంటుకి లెన్సుకీ ఫిల్ముకీ మధ్య దూరం 44 ఎం.ఎం., పాతదానికి 42. ఆ రెండు మిల్లీమీటర్ల వల్ల పాత లెన్సుని మామూలు అడాప్టర్‌తో కొత్త బాడీకి తగిలిస్తే దూరపు వస్తువులు ఫోకస్ కావు. దాంతో అంత మంచి ఎఫ్‌డి లెన్సులు చాలాకాలం చవగ్గా పడున్నాయి. 2008 తర్వాత మిర్రర్‌లెస్ కెమెరాలు వచ్చాయి, వాటిలో ఆ దూరం బాగా తక్కువ కాబట్టి ఏ పాత లెన్సయినా తగిలించుకోవచ్చని జనానికి తెలిసింది, ధరలు లేచి కూర్చున్నాయి. ఇప్పటికీ కాస్త చవగ్గా కావాలంటే మరమౌంటు, అదే ఎం42. మరలాగా తిప్పి బిగించాలి. రష్యన్ జెనిట్ కెమెరాలతో వచ్చిన హీలియోస్ 58 ఎం.ఎం. ఎఫ్ 2 లెన్సు దీనికే. వెనకనున్న ఆకులూ కొమ్మలూ సుడి తిరిగినట్టు వస్తాయి. కొందరికి అదే అందం, నాకైతే కళ్ళు తిరుగుతాయి.

రెండోది ఫంగస్. మన కోస్తా జిల్లాల్లో బీరువాలో ఇరవై ఏళ్ళు పడున్న లెన్సంటే ఫంగస్ ఉందనుకునే చూడండి. ఎపర్చర్ పూర్తిగా తెరిచి, వెనక నుంచి ఫోన్ టార్చి వేస్తే సాలెగూడులాంటి పోగులు కనిపిస్తాయి. లెదర్ కేసులో దాచడం భద్రత అనుకుంటారు గానీ తేమంతా అందులోనే చేరుతుంది. కెమెరా విషయానికొస్తే, వెనక తలుపు తెరిచి ఒక సెకను స్పీడులో పెట్టి నొక్కి వినండి. తటపటాయిస్తే లోపల గ్రీజు గట్టిపడినట్టు. తలుపు అంచుల్లోని నల్ల ఫోము వేలికి జిగురుగా అంటుకుంటే మార్పించాలి, పెద్ద ఖర్చు కాదు.

అసలు ఖర్చు ఫిల్ముది. ఈ మధ్య నాకు రీలు, కడిగించడం, స్కానింగ్ అన్నీ కలిపి ఒక్కో ఫోటోకి నలభై రూపాయల పైనే పడుతోంది. కాబట్టి ఎఫ్ 1.4 లెన్సు కోసం పరిగెత్తకుండా ఎఫ్ 1.8తోనో 2తోనో సరిపెట్టుకుని, మిగిలిన డబ్బుతో రీళ్ళు కొనుక్కోమన్నా.

"ఎఫ్ 1.4 ఎందుకొద్దు మావయ్యా?" అన్నాడు. వాడికి అప్పుడు చెప్పలేదు.

2014 సంక్రాంతికి తెనాలి దగ్గర మా అమ్మమ్మ వాళ్ళ ఊరు వెళ్ళాం. ఆ వారమే బెంగుళూరు నుంచి కొరియర్‌లో మినోల్టా ఎస్ఆర్‌టి 101 వచ్చింది, 58 ఎం.ఎం. ఎఫ్ 1.4 లెన్సుతో. ఆరేళ్ళుగా చేతికలవాటైన కె1000ని ఇంట్లో వదిలేసి, ఒక్క రీలు కూడా వేసి చూడని దాన్ని పట్టుకెళ్ళాను. ఆ లెన్సుతో అమ్మమ్మ ముఖం తీయాలని, కళ్ళు మాత్రం స్పష్టంగా ఉండి వెనకంతా మసగ్గా కరిగిపోవాలని నా ఆశ.

పొద్దున్నే పెరట్లో ఎండలో కుర్చీ వేసి కూర్చోబెట్టాను. "ఒరేయ్, ఈ వయసులో నాకు ఫోటోలేంట్రా" అంటూనే లోపలికెళ్ళి చీర మార్చుకుని, నుదుటిన విభూతి దిద్దుకుని వచ్చింది. నేను తొందరగా రీలు ఎక్కించి తీయడం మొదలుపెట్టాను. నవ్వుతూ, చిక్కుడుకాయలు ఈనెలు తీస్తూ, నన్ను తిడుతూ. కౌంటర్ 36 దాటింది. 37, 38, 39... మూడు ఎక్కువొచ్చాయని సంబరపడ్డాను కూడా! వెనక్కి చుడుతుంటే నాలుగు చుట్లకే వదులైపోయింది. ఇంత తొందరగానా అని ఒక్క క్షణం అనిపించింది, పట్టించుకోలేదు.

ముంబై ల్యాబ్ నుంచి తిరిగొచ్చిన నెగటివ్ మీద ఏమీ లేదు. అంచున కంపెనీ పేరు, ఫ్రేము నెంబర్లు మాత్రం శుభ్రంగా కనిపిస్తున్నాయి. అంటే కడగడంలో తప్పు లేదు, ఫిల్ముకి వెలుగే తగల్లేదు. రీలు కొస స్పూల్‌లో పట్టుకోలేదు. అది పట్టుకుని ఉంటే, లీవర్ లాగిన ప్రతిసారీ ఎడమవైపు రివైండ్ నాబ్ తిరగాలి. నేను దాన్ని చూడనేలేదు. ఈ పాత కెమెరాల్లో కౌంటర్ లెక్కపెట్టేది లీవర్‌ని, ఫిల్ముని కాదు. పని జరిగిందో లేదో చూడకుండా లాగ్‌లో 'సక్సెస్' అని రాసే కోడు మీద నేనెంతమంది జూనియర్లకి క్లాసు పీకానో!

ఫోన్ చేసి చెప్తే అమ్మమ్మ, "పోన్లే నాన్నా, మళ్ళీ పండక్కి తీద్దువులే" అంది.

ఆ ఏడు ఆశ్వయుజంలో పోయింది.

పెద్ద ఖర్మ రోజు గోడకి పెట్టడానికి ఫోటో కావాల్సొచ్చింది. ఫోన్లలో అందరి దగ్గరా వెతికాం. ఒకదాంట్లో కళ్ళు మూసుకుంది, ఒకదాంట్లో సగం ముఖం. చివరికి మా పిన్ని పాత ఆల్బమ్ కవర్లో నెగటివ్ ఒకటి దొరికింది. మా బాబాయి పెళ్ళిలో ఎవరో యాషికా ఎంఎఫ్-2తో తీసింది. ఆ రోజుల్లో సగం ఇళ్ళలో ఉండేదే, ఫోకస్ చేసే పని కూడా లేని ప్లాస్టిక్ కెమెరా. అందులో అమ్మమ్మ కాఫీ గ్లాసు పట్టుకుని ఎవరినో పిలుస్తోంది. దాన్నే పెద్దది చేయించి దండ వేశాం.

తర్వాత రెండేళ్ళలో దాదాపు అన్నీ అమ్మేశాను. మినోల్టాని కొన్నవాడు లెన్సు గురించి అడిగితే, చాలా మంచిదని నిజమే చెప్పాను. దాంతో నేను తీసిన ఫోటో ఒక్కటీ లేదు గానీ.

మొన్న ఆదివారం మేనల్లుడు ఇంటికొచ్చాడు. పదివేలు దాచుకో, రీళ్ళకి పనికొస్తాయని కె1000 వాడి చేతిలో పెట్టాను. నా ఎదురుగానే రీలు ఎక్కించమన్నా. కొస దూర్చాడు, ఒకసారి లీవర్ లాగాడు, తలుపు వేశాడు.

"నాబ్ తిరుగుతోందా?" అన్నా.

"తిరుగుతోంది మావయ్యా."

ఇంకోసారి లాగమన్నా.