పదహారో కిలోమీటరు దగ్గర

మందిర్ హసౌద్ (రాయ్‌పూర్ దగ్గర),
15 జనవరి 2025, కనుమ

బావా,

కనుమ నాడు కాకైనా కదలదంటారు గదా, నేనూ కదలడం లేదు. శాస్త్రం కోసం కాదు, తొడలు పట్టేసి. మొన్న భోగి నాడు తెల్లారగట్ల లేచి హాఫ్ మారథాన్ దూరం పరిగెత్తాను. ఎవరో పెట్టిన పోటీ కాదు. గుండెల మీద నంబరు లేదు, మెడలో పతకం లేదు, దారిలో నీళ్ళందించే మనిషి లేడు. ఇప్పుడు మెట్లు దిగాలంటే వెనక్కి తిరిగి, గోడ పట్టుకుని, దోగాడే పిల్లాడిలా దిగుతున్నాను. మీ చెల్లెలికి నవ్వాలో తిట్టాలో తెలియక రెండూ చేస్తోంది.

వైజాగ్ నేవీ మారథాన్‌కి ఇద్దరం పేర్లిద్దామనుకున్నాం. ఈలోగా మావయ్యగారికి ఒంట్లో బాగాలేక నువ్వు పార్వతీపురం వెళ్ళిపోయావు. ఒక్కణ్ణే బీచ్ రోడ్డుకి పోవాలనిపించలేదు. కానీ నాలుగు నెలలు కష్టపడి కాళ్ళకి నేర్పిన విద్య ఊరికే పోతుందే అని ఒక పక్క బాధ. అందుకని ఇక్కడే, మన రోడ్ల మీదే, చేతి గడియారాన్ని సాక్షిగా పెట్టుకుని కానిచ్చేశాను.

క్రికెట్ స్టేడియం వైపు పోలేదు. నువ్వు లేకుండా ఆ దారి బోసిగా ఉంటుంది. 2023 జనవరిలో మనిద్దరం ఆ స్టేడియంలోనే గదా, న్యూజిలాండ్ 108కి కుప్పకూలుతుంటే గొంతులు పోయేలా అరిచింది! అందుకని హైవే దాటి చంద్‌ఖురి రోడ్డు పట్టాను. పదిన్నర కిలోమీటర్లు దాటి మరో యాభై మీటర్లు పోయి వెనక్కి తిరిగితే సరిపోతుందని లెక్క. అయిదున్నరకి బయల్దేరాను. ఆయిల్ ట్యాంకర్లు వరసగా ఆగి ఉన్నాయి, డ్రైవర్లింకా నిద్రలేవలేదు. పుష్య పున్నమి గదా, పడమట చంద్రుడు ఇంకా నిండుగానే ఉన్నాడు. కోసేసిన వరి మళ్ళ మీద మంచు, దాని మీద వెన్నెల. టార్చి వెయ్యాల్సిన పనే పడలేదు.

మొదటి పది కిలోమీటర్లూ 62 నిమిషాల్లో లాగేశాను. పొంగిపోకు. అవినాశ్ సాబ్లే 2020లో ఢిల్లీలో మొత్తం హాఫ్ మారథాన్‌ని గంటా ముప్ఫై సెకన్లలో ముగించాడు. అంటే నేను సగం దాకా కూడా రాకముందే ఆయన చెమట తుడుచుకుంటూ ఉంటాడన్నమాట. అయినా నా లెక్కలో అది గొప్పే. మనం ఆదివారాలు ఏడు నిమిషాలకో కిలోమీటరు చొప్పున ఈడ్చేవాళ్ళం. ఇప్పుడు చూస్తే ఆరుం బావు కూడా పట్టడం లేదు!

ఇక్కడో సంగతి ఒప్పుకోవాలి. ఇన్నాళ్ళూ నీ పక్కన పరిగెడుతున్నప్పుడల్లా నా మనసులో ఒక మాట ఉండేది, పైకి ఎప్పుడూ అనలేదు. వీడి కోసం నేను తగ్గి పరిగెడుతున్నాను, వీడు లేకపోతే రెండుం బావు గంటల్లో కొట్టేస్తాను అని. నువ్వు మాట్లాడుతూనే ఉండేవాడివి. రైల్వే క్వార్టర్ల కబుర్లు, ఈ రాయ్‌పూర్-విజయనగరం లైను 1931లో పూర్తయ్యాక మన తాతలు పొట్ట చేతబట్టుకుని ఇటు వచ్చిన కథలు, మీ నాయనమ్మగారి గేదె తప్పిపోయిన భాగోతం. నేను జవాబు చెప్పకపోతే నువ్వు అడుగు తగ్గించేవాడివి. నీకు ఆయాసం వచ్చి తగ్గిస్తున్నావనుకున్నాను. ఆ మధ్య నువ్వే అన్నావు గుర్తుందా, పూర్తి వాక్యం మాట్లాడగలిగినంతసేపూ వేగం సరైనదే అని. అది నీ గురించి చెప్పుకుంటున్నావనుకున్నాను గాని, నా నోట్లోంచి వాక్యాలు వస్తున్నాయా లేదా అని చూస్తున్నావని తట్టనే లేదు.

తట్టిందెప్పుడంటే, పదహారో కిలోమీటరు దగ్గర.

అప్పటికి గంటా నలభై నాలుగు నిమిషాలు. నొప్పి లేదు, ఆయాసం లేదు, ఊరికే ఏమీ మిగల్లేదు. తరవాణి కుండ అడుగున గరిటె గీరుకున్న చప్పుడు వస్తుందే, అలాంటిది ఒంట్లో వినిపించింది. తర్వాత కూర్చుని లెక్క కట్టాను. కిలోమీటరుకి, ఒంట్లో ఒక్కో కిలో బరువుకి సుమారుగా ఒక కేలరీ ఖర్చు. నా 74 కిలోలకి మొత్తం దారికీ కలిపి పదిహేను వందల అరవై. కండల్లో, కాలేయంలో మనిషి దాచుకునే చక్కెర దాదాపు అంతో, ఇంకాస్త ఎక్కువో ఉంటుంది. కొవ్వు నిల్వ సంగతి సరేసరి, నా పొట్ట చూస్తే విశాఖ దాకా పోవచ్చు. కానీ తొందరపడి పోయేవాడికి ఒళ్ళు కొవ్వుని తియ్యదు, త్వరగా మండే చక్కెరనే తగలేస్తుంది. నేను మొదటి పదిలోనే దాన్ని దీపావళి చేసేశాను.

జేబులో అయిదు ఖర్జూరాలున్నాయి. పదిహేడో కిలోమీటరు దగ్గర తిందామని దాచుకున్నవి. సరిగ్గా అక్కడే, ఒక పల్లె మొదట్లో, సంచులు భుజాన వేసుకున్న పిల్లలు ఎదురొచ్చారు. ఆ రోజు ఛేర్‌ఛేరా గదా! కొత్త పంట ఇంటికొచ్చాక పుష్య పున్నమికి పిల్లలు ఇంటింటికీ తిరిగి ధాన్యం అడుగుతారే, ఈ ఏడు అది మన భోగితో కలిసొచ్చింది. మా పిల్లల నెత్తిన భోగిపళ్ళు పోసే రోజున వీళ్ళ సంచుల్లో వడ్లు పడతాయి. నన్ను చూసి రెండు క్షణాలు బిత్తరపోయి, ఆ తర్వాత గోలగోలగా పాడుతూ నా వెంట పరుగెత్తడం మొదలుపెట్టారు. చెప్పుల్లేవు, ఆయాసం లేదు. ఒకడైతే సంచి నెత్తిన పెట్టుకుని నా ముందు వెనక్కి తిరిగి పరిగెడుతూ పాడుతున్నాడు! పండగపూట ఛేర్‌ఛేరా అడిగితే లేదనకూడదంటారిక్కడ. ధాన్యం ఎక్కణ్ణుంచి తేను? ఖర్జూరాలు ఇచ్చేశాను. అయిదుగురే ఉన్నారు, సరిపోయాయి. వాళ్ళు ఆగిపోయారు, నేనూ ఆగిపోయాను. వాళ్ళు తినడానికి, నేను నడవడానికి.

పదహారు తర్వాత మిగిలిన దూరానికి మొత్తం యాభై నిమిషాలు పట్టింది. వంద అడుగులు పరుగు, యాభై అడుగులు నడక. చంద్‌ఖురి పోలీసు అకాడమీ కుర్రాళ్ళు కాబోలు, ఒక బ్యాచి వరసగా కదం తొక్కుతూ పక్కనుంచి పోయారు. ఒకడు నన్ను "కాకా" అని పలకరించి బొటనవేలు చూపించాడు. నలభై నాలుగేళ్ళకి కాకానయ్యాను. వడ్ల బస్తాల ట్రాక్టరువాడు ఆపి ఎక్కమన్నాడు. ఎక్కేవాణ్ణే గాని, గడియారం ముందు పరువు పోతుందని ఆగాను.

మా సందు మొదటికొచ్చేసరికి 21 మాత్రమే అయింది. ఇంకో 97 మీటర్ల చిల్లర. 1908 లండన్ ఒలింపిక్స్‌లో విండ్సర్ కోటలో మొదలుపెట్టి రాజకుటుంబం కూర్చునే చోటి ముందు ముగించాలని దారి కొలిస్తే మారథాన్ 42 కిలోమీటర్ల 195 మీటర్లయింది, 1921లో దాన్నే ఖాయం చేశారు, అందులో సగం ఇది. ఏ ఊరి రాణిగారో సుఖంగా కూర్చోడానికి నేను మందిర్ హసౌద్‌లో మా గేటు ముందు పిచ్చివాడిలా అటూ ఇటూ తిరిగాను. వెనకింటి ముసలమ్మ ఏం పోయిందని అడిగింది, తాను కూడా వెతికిపెడదామని.

2 గంటల 34 నిమిషాలు.

ఏడు నిమిషాలకో కిలోమీటరు, అంటే నీ ఈడ్పు నడకతో మొదటినుంచీ పోయుంటే 2 గంటల 28 నిమిషాలకి వచ్చేసేవాణ్ణి. ఆరు నిమిషాల ముందు, నవ్వుతూ, చేతిలో ఖర్జూరాలతో. ఈ లెక్క మూడుసార్లు కట్టాను, మారలేదు.

ఇంటికొచ్చాక ఏం తిన్నానో ఊహించు. బాసీ! రాత్రి అన్నంలో నీళ్ళు పోసి ఉంచమని మీ చెల్లెలికి ముందే చెప్పాను. అప్పటికప్పుడు నానేస్తే బోరే, రాత్రంతా నానితే బాసీ. పేరేదైతేనేం, మీ నాయనమ్మగారి చద్దన్నమే. ఉల్లిపాయ నంజుకుని, ఉప్పేసిన ఆ పులిసిన నీళ్ళు గిన్నెతో ఎత్తి తాగుతుంటే, డబ్బులు పోసి కొనే రంగునీళ్ళ సీసాలన్నీ దీనికి నకలే అనిపించింది. ఆ తర్వాత భోగి తలంటు. నువ్వుల నూనెతో పిక్కలు మర్దనా చేయించుకుంటూ కెవ్వుమన్నాను. మా చిన్నది వీడియో తీసింది. నీకు పంపొద్దని చెప్పాను, పంపే ఉంటుంది.

కుడికాలి బొటనవేలి గోరు నల్లబడింది. ఊడుతుందో ఉంటుందో చూడాలి. చంకల్లో ఒరుసుకుని మండుతోంది. వాజలీన్ రాసుకోమని నువ్వు చెప్పింది ఆ రోజు రాసుకోలేదు. నువ్వు చెప్పినవన్నీ ఆ ఒక్కరోజే మానేశానన్నమాట.

మావయ్యగారు చెయ్యి కదుపుతున్నారని అక్కయ్య చెప్పింది. మంచం దిగి నాలుగడుగులు వెయ్యగానే నాకు ఫోన్ చెయ్యి, అర్ధరాత్రయినా సరే. నువ్విటు రాగలిగితే ఆ దుర్గ్ వందేభారత్ సాయంత్రం మీ పార్వతీపురంలో ఎక్కొచ్చు, రాత్రికి రాయ్‌పూర్ చేరుస్తుంది. మన ఊళ్ళో ఆగదు, నేనే బండి తీసుకుని స్టేషనుకొస్తాను. తొందరేం లేదు. ముందు అక్కడి పని చూసుకో.

ఈలోగా ఒక పని చేద్దాం. వచ్చే ఆదివారం అయిదున్నరకి నీకు ఫోన్ చేస్తాను. నేను చెవిలో ఇయర్‌ఫోన్ పెట్టుకుని స్టేడియం రోడ్డు మీదుంటాను. నువ్వు మావయ్యగారి గది ముందు వరండాలో అటూ ఇటూ నడుస్తున్నా సరే. గేదె కథ మళ్ళీ మొదలుపెట్టు. మూడో కిలోమీటరు నుంచి తొమ్మిదో కిలోమీటరు దాకా చెప్పి, ఎవరో పలకరిస్తే అక్కడే వదిలేశావు. గేదె దొరికిందో లేదో నాకింకా తెలీదు.

నీ
బావ