దుఃఖం జబ్బు కాదు

మా నాన్నగారి పెద్దకర్మ అయిపోయింది. చుట్టాలు ఎవరి ఊళ్ళకు వాళ్ళు వెళ్ళిపోయారు. మర్నాడు పొద్దున్నే అమ్మ కాఫీ కలిపి, అలవాటు కొద్దీ రెండు గ్లాసుల్లో పోసింది. రెండో గ్లాసు కేసి చూస్తూ అలాగే నిలబడిపోయింది. ఏడవలేదు.

ఆ తరవాత రాత్రిళ్ళు నిద్రపోయేది కాదు. నాన్నగారి పడక్కుర్చీ పక్కన కూర్చుని ఆయనతో మాట్లాడుతున్నట్టు గొణుక్కునేది. నేను డాక్టర్ని కదా, నిద్రమాత్రలు ఇచ్చాను. నాలుగు రోజులు మత్తుగా పడి ఉంది. అయిదో రోజు మాత్ర తీసి పక్కన పెట్టేసింది.

"నాకు జబ్బేమీ లేదురా నాయనా. మీ నాన్నగారి పేరెత్తితే చాలు, మీరంతా మాట మార్చేస్తున్నారు. ఆయన గురించి నాతో మాట్లాడే మనిషి కావాలిరా నాకు" అంది.

ఇన్నేళ్ళ నా వైద్యం మీద నాకే సిగ్గేసింది. ఆ రాత్రి అమ్మ పక్కన కూర్చున్నాను. పెళ్ళిలో నాన్నగారి చెప్పులు పోయిన సంగతి చెబుతూ నవ్వింది. నవ్వుతూనే భోరుమంది.

ఆప్తులు పోయినప్పుడు ఆకలి మందగించడం, నిద్ర పట్టకపోవడం, పోయినవాళ్ళు పిలిచినట్టు అనిపించడం మామూలే. మతి చలించిందని కంగారు పడకండి. దుఃఖానికి అయిదు దశలుంటాయని మీరు వినే ఉంటారు. 1969లో డాక్టర్ ఎలిజబెత్ కుబ్లర్-రాస్ వాటిని రాసింది చావు దగ్గర పడిన రోగులను చూసి. బతికున్నవాళ్ళు వరసగా ఆ మెట్లన్నీ ఎక్కాలని లేదు. నిన్న తేరుకున్న మనిషి రేపు పండగనాడు మళ్ళీ కూలబడవచ్చు. నెలనెలా మాసికాలు పెట్టే ఇళ్ళలో పోయినవారి పేరు ఏడాదిపాటు నలుగురి నోటా వినబడుతుంది. అదీ ఒక ఊరటే.

అయితే ఆరు నెలలు దాటినా దుఃఖం అదే తీవ్రతతో ఉండి, రోజువారీ పనులు కూడా సాగకపోతే వైద్య సహాయం అవసరం. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022లో అమలుకు తెచ్చిన వ్యాధుల పట్టికలో దీన్ని చేర్చింది. తిండి పూర్తిగా మానేసినా, 'నేనూ పోతాను' అన్నా ఒక్క రోజు కూడా ఆగకండి. వెంటనే డాక్టరుకు చూపించండి. ప్రభుత్వ టెలీ మానస్ నంబరు 14416కు ఏ వేళనైనా ఉచితంగా ఫోన్ చేయవచ్చు. నిద్రమాత్రలు మాత్రం మీ అంతట మీరు కొని ఇవ్వకండి.

పరామర్శకు వెళ్ళినప్పుడు "ఏడవకు, ధైర్యంగా ఉండు" అనకండి. "ఆయన గురించి చెప్పండి" అని పక్కన కూర్చోండి.

మా అమ్మ ఇప్పటికీ పొద్దున్నే రెండు గ్లాసుల్లోనే కాఫీ పోస్తుంది. రెండోది నేను తాగుతున్నాను.