అనుమతి ఇవ్వవలసింది ఎవరు?

మా ఇంట్లో ఒక కంప్యూటరు ఉంది. 2019లో కొన్నాను. ఉపాధ్యాయుడిగా ఉన్నంతకాలం ప్రశ్నపత్రాలు తయారు చేయటానికి, పిల్లల మార్కులు నమోదు చేయటానికి అది పనికివచ్చింది. పదవీ విరమణ తరువాత దానికి మరొక బాధ్యత వచ్చిపడింది. నెల్లూరులోని మా మొహల్లా మస్జిదు కమిటీవారు జకాత్ లెక్కలు నాకు అప్పగించారు. ఎవరి నుండి ఎంత అందింది, ఎవరికి ఎంత చేరింది అనే వివరాలన్నీ ఆ కంప్యూటరులోనే ఉంటాయి. ఆ జాబితాలో ఇప్పుడు 43 కుటుంబాలు ఉన్నాయి.

2025 సెప్టెంబరులో ఒక రాత్రి ఇషా నమాజు ముగించుకొని వచ్చి లెక్కలు చూద్దామని కూర్చున్నాను. తెర మీద ఒక ప్రకటన కనిపించింది. విండోస్ 10కు అక్టోబరు 14తో మద్దతు ముగుస్తుందనీ, నా కంప్యూటరు విండోస్ 11కు మారటానికి తగినదేననీ దాని సారాంశం. నాకు అంతగా అర్థం కాలేదు. మరునాడు కంప్యూటరును సంచిలో పెట్టుకొని బజారులో ఒక దుకాణానికి తీసుకువెళ్లాను.

దుకాణంలోని కుర్రవాడు మర్యాదస్తుడే. "గంటలో చేసి ఇస్తాను సార్. మధ్యలో ఏవో ప్రశ్నలు అడుగుతుంది. అన్నిటికీ యాక్సెప్ట్ కొట్టేస్తాను. మీరు టీ తాగి రండి" అన్నాడు.

"ఏం ప్రశ్నలు బాబూ?" అని అడిగాను.

"ఎవరూ చదవరు సార్ అవి" అని నవ్వాడు.

ఆ నవ్వులో తప్పేమీ లేదు. అయినా నా మనసు ఒక్కసారి మూడేళ్లు వెనక్కి వెళ్లింది.

2022 రమజాన్ నెలలో ఒక సోదరి మా ఇంటికి వచ్చింది. భర్త చనిపోయి అప్పటికి ఏడాది దాటింది. బట్టలు కుట్టి ఇద్దరు పిల్లలను చదివిస్తోంది. గుమ్మం దగ్గరే నిలబడి మా ఇంటావిడతో చాలాసేపు మాట్లాడింది. జకాత్ తీసుకోవటానికి ఒప్పుకుంటూ ఒకే ఒక్క మాట నాతో చెప్పింది. "భాయ్, మా అమ్మాయికి సంబంధాలు చూస్తున్నాం. నా పేరు ఎక్కడా బయటికి రాకూడదు." నేను మాట ఇచ్చాను. ఆ మాట నమ్మి ఆమె తన ఆధార్ నకలు, బ్యాంకు ఖాతా నెంబరు, ఇంటి సంగతులు నా చేతిలో పెట్టింది.

ఎవరినీ అడగని అభిమానవంతులైన పేదల గురించి దివ్య ఖుర్ఆన్‌లోని బఖరా సూరా ప్రస్తావిస్తుంది. తెలియనివారు వారిని కలిగినవారుగా భావిస్తారు. అటువంటివారి పేర్లే నా కంప్యూటరులో ఉన్నాయి. ఆ కుర్రవాడు నా తరఫున "యాక్సెప్ట్" నొక్కితే, నేను ఆమె తరఫున నొక్కినట్లు కాదా? నాకు ఆ అధికారం ఎవరిచ్చారు? కంప్యూటరును మళ్లీ సంచిలో పెట్టుకొని ఇంటికి వచ్చేశాను.

"అయితే మార్చకుండా పాతదే వాడుకోండి" అంది మా ఇంటావిడ. నాకూ అదే మేలనిపించింది. హైదరాబాదులో ఉద్యోగం చేస్తున్న మా అమ్మాయి ఆదివారం ఇంటికి వచ్చినప్పుడు ఈ సంగతి చెప్పాను. ఆమె ఒప్పుకోలేదు.

"అబ్బా, ఆపరేటింగ్ సిస్టమ్ అంటే ఇంటికి గోడలు, తలుపులు లాంటిది. అందులో ఎక్కడో ఒకచోట పగుళ్లు బయటపడుతూనే ఉంటాయి. ఇంతకాలం కంపెనీ నెలనెలా వాటిని పూడుస్తూ వచ్చింది. అక్టోబరు 14 తరువాత ఆ మరమ్మతులు ఆగిపోతాయి. పగులు ఎక్కడుందో దొంగలకు మాత్రం తెలుస్తుంది. 43 కుటుంబాల కాగితాలను అలాంటి ఇంట్లో ఉంచుతారా?" అని అడిగింది.

విండోస్ 10 విడుదలైనది 2015 జూలైలో. పదేళ్ల తరువాత దాని గడువు తీరింది. నమోదు చేసుకున్నవారికి భద్రతా మరమ్మతులు మరొక్క ఏడాది, అంటే 2026 అక్టోబరు 13 వరకు అందే ఏర్పాటు కూడా ఉంది. కాని అది వాయిదాయే తప్ప పరిష్కారం కాదు. మారకపోతే దొంగల భయం. మారితే, ఇంటికి కొత్త తాళం బిగించేవాడు లోపలి సంగతులు ఎంతవరకు తెలుసుకుంటాడనే సందేహం. ఆ రెంటి మధ్య నేను చిక్కుకున్నాను.

ఆ సాయంత్రం తండ్రీకూతుళ్లం కూర్చొని, దుకాణంలో ఎవరూ చదవరన్న ఆ ప్రశ్నలను ఒక్కొక్కటిగా చదివాము. కొత్త సిస్టమ్ అడిగేవి ప్రధానంగా ఇవి: మీరు ఉన్న ప్రదేశం తెలుసుకోవచ్చునా? పరికరం పోతే వెతకటానికి దాని జాడ ఉంచుకోవచ్చునా? పరికరం ఎలా పనిచేస్తున్నదో తెలిపే సమాచారాన్ని కంపెనీకి పంపవచ్చునా? మీరు రాసే, టైపు చేసే తీరును గమనించవచ్చునా? ఆ సమాచారాన్ని బట్టి మీకు సలహాలు, ప్రకటనలు చూపవచ్చునా? ప్రకటనల కోసం మీకొక గుర్తింపు సంఖ్య కేటాయించవచ్చునా?

వీటిలో మూడవ ప్రశ్న దగ్గర మేము ఎక్కువసేపు ఆగాము. ఆ సమాచారంలో రెండు రకాలున్నాయి. తప్పనిసరిగా వెళ్లేది ఒకటి. అది పరికరం వివరాలు, దాని పనితీరు, మరమ్మతులు సరిగా అమరాయా లేదా అన్నంతవరకు ఉంటుంది. సాధారణ వినియోగదారుడు దానిని పూర్తిగా ఆపలేడు. రెండవది మన ఇష్టం మీద ఆధారపడినది. ఏదైనా ప్రోగ్రాం హఠాత్తుగా ఆగిపోయినప్పుడు ఆ క్షణాన కంప్యూటరు మెమరీలో ఉన్నదాని నకలు కూడా ఈ రెండవ రకంలో వెళ్లవచ్చు. మనం తెరిచి ఉంచిన ఫైలులోని భాగాలు అనుకోకుండా అందులో కలిసిపోవచ్చునని కంపెనీయే తన వివరణలో చెబుతోంది. లోపాలను సరిదిద్దటానికి అది వారికి అవసరం కావచ్చు. అయితే ఆ క్షణంలో నేను తెరిచి ఉంచినది జకాత్ జాబితా అయితే?

ఇటువంటి అనుమానాలు నా ఒక్కడివే కావని మా అమ్మాయి చెప్పింది. విండోస్ 10 అవసరానికి మించి సమాచారం సేకరిస్తున్నదని ఫ్రాన్సు దేశపు సమాచార పరిరక్షణ సంస్థ 2016 జూలైలో మైక్రోసాఫ్ట్‌కు నోటీసు ఇచ్చింది. కంపెనీ మార్పులు చేసిన తరువాత 2017లో ఆ వ్యవహారాన్ని ముగించింది. 2024 మే నెలలో కొన్ని కొత్తరకం కంప్యూటర్ల కోసం "రీకాల్" అనే సదుపాయాన్ని ప్రకటించారు. తెర మీద కనిపించేదానిని కొద్ది క్షణాలకొకసారి చిత్రంగా తీసి ఆ కంప్యూటరులోనే దాచిపెట్టటం దాని పని. విమర్శలు వెల్లువెత్తాయి. వినియోగదారుడు కోరుకుంటేనే పనిచేసేలా మార్చి, భద్రత పెంచి, 2025 ఏప్రిల్‌లో గాని దానిని విడుదల చేయలేదు. మా పాత కంప్యూటరుకు ఆ శక్తి లేదు. అయినా ఈ రెండు సంగతులు విన్నాక నాకు ధైర్యం కలిగింది. ప్రశ్నించినవారు ఉన్నందువల్లనే మార్పు వచ్చింది.

ఇతరుల ఇంటిలోకి వెళ్లేముందు అనుమతి కోరాలనీ, సలాం చెప్పాలనీ, తిరిగి వెళ్లిపొమ్మంటే వెళ్లిపోవాలనీ నూర్ సూరా మనకు నేర్పింది. ఒకే ఇంట్లో ఉండే పిల్లలు సైతం మూడు వేళల్లో పెద్దల గదిలోకి అడిగి రావాలని అదే సూరా నిర్దేశించింది. మూడుసార్లు అనుమతి కోరినా సమాధానం రాకపోతే వెనుదిరగాలని దైవప్రవక్త (స) బోధించారు. అనుమతి నియమం ఉన్నది చూపును కాపాడటానికేనని కూడా హదీసు వల్ల తెలుస్తుంది. తలుపు సందులోంచి చూసేవాడు కాలు లోపల పెట్టకపోయినా హద్దు దాటినవాడే.

చిన్నప్పటి నుండి ఈ మర్యాదలను మనం గుమ్మాలకే పరిమితం చేసుకున్నాము. మన రహస్యాలు బీరువాలోంచి కంప్యూటరులోకి, ఫోనులోకి మారిపోయి చాలా కాలమైంది. ఈ సంగతులన్నీ మా అమ్మాయికి చెబుతూ, "చూశావా, మన ధర్మం ఎంత సున్నితంగా నేర్పిందో! ఈ కంపెనీలకు అది ఎప్పుడు తెలుస్తుంది?" అన్నాను. ఆమె ఒక్క క్షణం ఆగి, "అబ్బా, ఆ జాబితా ఒకసారి తెరవండి" అంది.

తెరిచాను. పేరు, చిరునామా, ఫోను నెంబరు, ఆధార్ నెంబరు, బ్యాంకు ఖాతా, కుటుంబ సభ్యులు, ఆదాయం. చివరన "అవసరానికి కారణం" అనే గడి. ఆ గడిలో నా చేతులతో నేనే టైపు చేసిన మాటలు ఉన్నాయి. ఒకరి కొడుకు చెడుసావాసం, ఒకరి జబ్బు పేరు, ఒకరి భర్త చేసిన అప్పు.

"ఇదంతా ఎందుకు రాశారు?" అని అడిగింది మా అమ్మాయి. నేను సమాధానం చెప్పలేకపోయాను. కమిటీ అడగలేదు. లెక్కకు అవసరం లేదు. ఎప్పుడైనా పనికి వస్తుందేమోనని రాసిపెట్టుకున్నాను. కంపెనీల గురించి నేను చేసిన ఫిర్యాదు కూడా అదే కదా!

మరునాడు మా ఇంటావిడను వెంటబెట్టుకొని ఆ సోదరి ఇంటికి వెళ్లాను. ఆమె కుర్చీలు వేసి టీ ఇచ్చింది. కంప్యూటరు సంగతి వివరించి, ఆమె గురించి నా దగ్గర ఏమేమి రాసి ఉన్నదో చదివి వినిపించాను. ఆధార్, ఖాతా నెంబరు విన్నప్పుడు తల ఊపింది. చివరి గడి చదివాను. ఆమె చేతిలోని కప్పు కింద పెట్టింది.

"భాయ్, అది మీకు చెప్పుకున్నాను. రాసుకోమని చెప్పలేదు" అంది.

గొంతులో కోపం లేదు. అందుకే మరింత సిగ్గు కలిగింది. నేను క్షమాపణ చెప్పాను. ఇంటికి వచ్చి ముందుగా ఆ గడినే తొలగించాను. ఆమె ఒక్కరిది కాదు, 43 కుటుంబాలదీ.

తరువాత మేము చేసిన పనులు పాఠకులకు ఉపయోగపడవచ్చునని రాస్తున్నాను. జాబితాకు పాస్‌వర్డు పెట్టి, దానిని కంప్యూటరులోంచి తీసి ఒక పెన్‌డ్రైవ్‌లో ఉంచాము. అది పాడైతే పనికివచ్చేలా మరొక పెన్‌డ్రైవ్‌లో నకలు తీసి కమిటీ అధ్యక్షుల బీరువాలో పెట్టాము. సహాయం అందిన పాతవారి ఆధార్ నకళ్లను తొలగించాము. ఇకపై గుర్తింపు అవసరమైతే, మొదటి ఎనిమిది అంకెలు కనిపించని మాస్క్‌డ్ ఆధార్ చాలునని కమిటీ నిర్ణయించింది. లెక్కల్లో పేరుకు బదులు సంఖ్య ఉంటుంది. ఏ సంఖ్య ఎవరిదో ఒక చిన్న నోటు పుస్తకంలో ఉంటుంది.

ఆ తరువాతే అప్‌గ్రేడ్ చేశాము. సెట్టింగ్స్‌లోని "ప్రైవసీ అండ్ సెక్యూరిటీ" భాగానికి వెళ్లి ప్రదేశం, టైపు చేసే తీరు, ప్రకటనల గుర్తింపు సంఖ్య, ఐచ్ఛిక సమాచారం అనే నాలుగింటినీ ఆపివేశాము. ఆన్‌లైన్ ఖాతాతో ప్రవేశించినవారి డాక్యుమెంట్లు, ఫొటోలు వన్‌డ్రైవ్ అనే ఆన్‌లైన్ నిల్వలోకి చేరే ఏర్పాటు ఉంటుంది. కంప్యూటరు పాడైనా ఫైళ్లు దక్కుతాయి కనుక అది కొందరికి మేలే. కాని ఏ ఫోల్డరు వెళ్లాలో నిర్ణయించవలసినది మనమే. మేము జకాత్ కాగితాలేవీ అందులోకి వెళ్లకుండా చూసుకున్నాము. మొత్తం పని ఒక పూట పట్టింది.

గోప్యత మన రాజ్యాంగం ప్రకారం ప్రాథమిక హక్కు అని సుప్రీంకోర్టు తొమ్మిదిమంది న్యాయమూర్తుల ధర్మాసనం 2017 ఆగస్టు 24న ఏకగ్రీవంగా తీర్పు చెప్పింది. 2023లో వచ్చిన వ్యక్తిగత డిజిటల్ సమాచార పరిరక్షణ చట్టం కూడా, ఒకరి అనుమతితో తీసుకునే సమాచారం చెప్పిన పనికి అవసరమైనంతకే పరిమితం కావాలంటుంది. చట్టం ఈ మాట పెద్ద సంస్థల కోసం చెప్పి ఉండవచ్చు. మొహల్లా లెక్కలు రాసే నా వంటివారికి అమానతు అనే ఒక్క పదం ఎప్పుడో చెప్పింది. నేనే ఆలస్యంగా విన్నాను.

మీ ఇంట్లోని కంప్యూటరు, ఫోను కూడా ఒకసారి చూసుకోండి. సంబంధాల కోసం వచ్చిన ఆడపిల్లల ఫొటోలు, బంధువుల వైద్య నివేదికలు, ఎవరో నమ్మి పంపిన కాగితాలు వాటిలో ఉండే ఉంటాయి. కొత్త సిస్టమ్ అనుమతి అడిగినప్పుడు, అవి ఎవరివో గుర్తు చేసుకొని జవాబు చెప్పండి. పని తీరిపోయినవాటిని ఇప్పుడే తొలగించండి.

మొన్న జుమా నాడు ఆ సోదరి మా ఇంటికి వచ్చింది. అమ్మాయికి సంబంధం కుదిరిందట. నిఖాకు పిలవటానికి వచ్చానంది. వెళుతూ గుమ్మం దగ్గర ఆగి, "నా సంఖ్య ఎంత భాయ్?" అని అడిగింది. చెప్పాను.

"వచ్చే ఏడాది ఆ సంఖ్య ఇంకెవరికైనా ఇవ్వండి. ఇన్షా అల్లాహ్, నాకు ఇక అవసరం ఉండకపోవచ్చు" అంది.