నడిచే బొమ్మకు రిమోటు

సిర్పూర్ (యు), తిర్యాణి దిక్కు నుంచి చలి దిగుతోంది. రాష్ట్రంలో అతి తక్కువ ఉష్ణోగ్రత ఎక్కడ అని ఈ రోజుల్లో పేపరు చూస్తే మన ఆసిఫాబాద్ జిల్లా ఊరు పేరే తరచుగా కనిపిస్తుంది. పొద్దుగూకగానే వాకిట్లో మంట వేసుకున్నాం. రండి, ఇటు దగ్గరికి జరగండి. ఇవాళ నడిచే మర బొమ్మల ముచ్చట చెప్పుకుందాం.

పుష్య అమావాస్యకు కెస్లాపూర్ నాగోబా జాతర, మాఘ పున్నమికి గంగాపూర్ బాలాజీ జాతర. రెండింట్లోనూ బొమ్మల దుకాణాల ముందు పిల్లలు నిలబడిపోతారు. అక్కడ దొరికే రోబో బొమ్మను మీరూ చూసే ఉంటారు. వీపులో రెండు సెల్లులు, ఛాతీలో ఎర్ర లైటు. స్విచ్ వేస్తే టకటకమని ముందుకు పోతుంది. గోడ తగిలితే అక్కడే కాళ్లాడిస్తూ నిలబడుతుంది. ఒక పూటంతా పిల్లలు దాని వెంటే తిరుగుతారు. ఆ తర్వాత మా ఇంట్లో తప్పకుండా వినిపించే మాట ఒకటుంది: "మామా, గిది నేను చెప్పిన దిక్కు పోతదా?"

ఈ ప్రశ్న నాకు ఎంతో ఇష్టం. పోతుంది. పాత రిమోటు కారు ఒకటి ఉంటే ఆదివారం పూట కూర్చుని చెయ్యొచ్చు. అయితే ఒక్కటి ముందే చెప్తాను. రిమోటు కలపడం తేలిక, నడిచే బొమ్మను మలపడమే కష్టం. కారుకైతే ముందు చక్రాలు కాస్త పక్కకు తిరిగితే చాలు. కాళ్లకు ఆ సౌకర్యం లేదు.

రేడియో సంగతి మన పెద్దలు ఎప్పుడో తేల్చేశారు. 1895లో కలకత్తా టౌన్ హాల్లో జగదీశ్ చంద్ర బోస్ తీగ లేకుండా దూరాన ఉన్న గంట మోగించాడు, తుపాకి మందు అంటించాడు. 1898లో న్యూయార్క్‌లో టెస్లా నీళ్ల తొట్టిలో చిన్న పడవను రేడియోతో నడిపి జనానికి చూపించాడు. జపాన్‌లో మసుదాయా కంపెనీ 1957లో రాడికాన్ రోబో అనే రేకు బొమ్మను తెచ్చింది. రేడియోతో కదిలే తొలి రోబో బొమ్మగా దానికి పేరు. కానీ అది నడవదు! కాళ్లుండాల్సిన చోట నేల దాకా రేకు కప్పేసి, చాటున చక్రాలు పెట్టారు. అంత నేర్పున్న బొమ్మల కంపెనీ కూడా కాళ్ల జోలికి పోలేదంటే చిక్కు ఎక్కడుందో తెలుస్తోంది కదా.

ఇక మన బొమ్మ స్క్రూలు విప్పుదాం. లోపల చిన్న మోటరు, దాని వెనక వరసగా ప్లాస్టిక్ గేర్లు. మోటరు నిమిషానికి వేల చుట్లు తిరుగుతుంది. గేర్లు ఆ వేగాన్ని తగ్గించి బలాన్ని పెంచుతాయి. చివరి గేరు ఇరుసుకు రెండు కొసలా, నడిమధ్యన కాకుండా కాస్త పక్కగా ఒక్కో పుల్ల ఉంటుంది. ఒక కొసన అది పైనుంటే రెండో కొసన కిందుంటుంది. కాళ్లు ఆ పుల్లలకే తగిలించి ఉంటాయి కాబట్టి ఒకటి ముందుకు పోతే రెండోది వెనక్కి పోతుంది.

ఇప్పుడు పాదం తిరగేయండి. చాలా బొమ్మల్లో అక్కడ చిన్న చక్రాలుంటాయి, అవీ ఒక్క దిక్కే తిరుగుతాయి. ముందుకు పోయే పాదం జారుతుంది, వెనక్కి పోవాల్సిన పాదం నేలను పట్టుకుని ఒంటిని ముందుకు నెడుతుంది. నిజానికి పాదం నేలను విడవదు. ఈ రకం బొమ్మలో మోటరు వైర్లు తారుమారు చేసి చూడండి. మోటరు ఎదురు తిరుగుతుంది, బొమ్మ మాత్రం ముందుకే పోతుంది! మోటరు ఎటు తిరిగినా కాళ్లు ఊగేది అదే ఊపు, చక్రాలు ఒప్పుకునేది ఒక్క దిక్కే. దీనికి రిమోటులో "వెనక్కి" బటన్ పెట్టి లాభం లేదు.

సాలీడు, రాక్షసబల్లి లాంటి బొమ్మల్లో ఇంకో రకం ఉంది. అందులో పాదం నిజంగా లేస్తుంది, గాల్లో ముందుకు పోతుంది, దిగి నేలను వెనక్కి తోస్తుంది. తిరిగే ఇరుసు నుంచి ఇలాంటి అడుగు రాబట్టడం పెద్ద లెక్క. రష్యా గణితవేత్త చెబిషెవ్ కడ్డీలు కలిపి చేసిన నడిచే యంత్రాన్ని 1878 పారిస్ ప్రదర్శనలో పెట్టారు. ఈ రకం బొమ్మ వెనక్కి కూడా నడుస్తుంది. రిమోటు పెట్టాలంటే ఇదే తీసుకోండి.

మరి మలపడం? ఎడ్లబండి తోలినవాళ్లకు చెప్పక్కర్లేదు. ఒక ఎద్దును ఆపి రెండోదాన్ని అదిలిస్తే బండి ఆగిన ఎద్దు వైపు మలుగుతుంది. ఇక్కడా అంతే, కుడి కాళ్లకు ఒక మోటరు, ఎడమ కాళ్లకు ఒక మోటరు ఉండాలి. బజారు బొమ్మలో ఉండేది ఒక్కటే. అందుకని ఒకే రకం బొమ్మలు రెండు తీసుకుంటాను. ఒకదాని ఎడమ కాళ్లు, ఇంకోదాని కుడి కాళ్లు గేర్లతో సహా ఉంచి, మిగతావి తీసేసి, రెండింటినీ ఒక చెక్క మీద పక్కపక్కన బిగిస్తాను. రెండు కాళ్ల రోబోతో ఈ పని చేస్తే ఒంటికాలిపై ఆగినప్పుడు పడిపోవచ్చు. ఆరు కాళ్ల బొమ్మలైతే అంతకంటే నిలకడగా ఉంటాయి. బరువు పెరిగితే చిన్న మోటరు లాగలేదు, కాబట్టి చెక్క తేలికగా ఉండాలి. నిర్మల్ బొమ్మలు చెక్కే పొనికి కర్ర ఇందుకు భలే పనికొస్తుంది. సెల్లులు ఎంత కిందికి పెడితే అంత మంచిది.

ఇప్పుడు పాత కారు బోర్డు. చక్రాలు విరిగి అటకెక్కిన కారులో అది బతికే ఉంటుంది. రెండు వైర్లు సెల్లులకు, రెండు వెనక మోటరుకు, రెండు ముందు స్టీరింగుకు పోతాయి. వెనక మోటరు వైర్లు ఎడమ కాళ్ల మోటరుకు, స్టీరింగు వైర్లు కుడి కాళ్ల మోటరుకు సోల్డరింగ్ చేయండి. కొన్ని బోర్డుల్లో స్టీరింగు వైపు ట్రాన్సిస్టర్లు చిన్నవి. కాసేపు నడిపి వేలు పెట్టి చూడండి, చురుక్కుమంటే ఆ బోర్డు వద్దు. మోటరు లోపల బ్రష్‌ల దగ్గర లేచే నిప్పురవ్వలు రేడియోను చెడగొడతాయి. మోటరు రెండు కొసల మధ్య 104 అని రాసి ఉన్న చిన్న కెపాసిటర్ పెడితే ఆ గోల తగ్గుతుంది. ఏరియల్ తీగను మాత్రం కత్తిరించకండి. పాత రిమోటు కార్లలో చాలావాటికి వాడే 27 మెగాహెర్ట్జ్ తరంగం పొడవు సుమారు 11 మీటర్లు, దాని ముందు ఆ జానెడు తీగ ఇప్పటికే చాలా పొట్టి.

ఫోనుతో నడపాలనుకునే పిల్లలు కారు బోర్డుకు బదులు ఈఎస్పీ32 బోర్డు, డీఆర్‌వీ8833 అనే మోటరు డ్రైవర్ తీసుకోవాలి. అందరూ కొనే ఎల్298ఎన్ డ్రైవర్ ఇక్కడ వద్దు. సుమారు 2 వోల్టులు అదే మింగేస్తుంది, 3 వోల్టుల బొమ్మకు ఇంకేం మిగులుతుంది? ఇవి ఊళ్లో దొరక్కపోతే కాగజ్‌నగర్‌లో రైలెక్కి సికింద్రాబాద్ దిగి కోఠి గుజరాతీ గల్లీకి వెళ్లండి. పిల్లను కూడా తీసుకుపోండి. ఆ గల్లీలో డబ్బాల నిండా రంగురంగుల విడిభాగాలు చూసిన పిల్ల ఆ రోజును మర్చిపోదు.

బడి పిల్లల ఆలోచనలకు పెట్టిన ఇన్‌స్పైర్ మానక్ పోటీకి ఇలాంటి ఆలోచన పంపొచ్చు. ఎంపికైతే నమూనా చేసుకోవడానికి 10,000 రూపాయలు ఇస్తారు. పెద్దలు చేసిచ్చింది మాత్రం పంపకండి. బొమ్మ ఎందుకు మలుగుతోందో పిల్లే చెప్పగలగాలి. ఇంట్లో పసివాళ్లుంటే బటన్ సెల్లులు వాళ్ల చేతికి అందనివ్వకండి, మింగితే ప్రాణం మీదికొస్తుంది. ఉబ్బిన ఫోను బ్యాటరీలు అసలే ముట్టుకోవద్దు.

అన్నీ కలిపాక మూత బిగించడానికి తొందరపడకండి. బొమ్మను ముందు చేత్తో పైకెత్తి పట్టుకుని ఎడమ మీట నొక్కండి, ఎడమ కాళ్లే కదలాలి. తర్వాత కుడి మీట. కారు రిమోటులో అది పక్కలకు కదిలేది కాబట్టి మొదట్లో చెయ్యి తడబడుతుంది. రిమోటు విప్పి, ఆ మీట స్విచ్చుల నుంచి వైర్లు తీసి, ముందుకూ వెనక్కూ నొక్కేలా రెండు బటన్లు పెడితే సులువవుతుంది. ఇక నేల మీద పెట్టి ఎడమ మీట ఒక్కటే ముందుకు నొక్కండి. బొమ్మ కుడికి మలగాలి. వెనక్కి నడిస్తే ఆ మోటరు రెండు వైర్లు తారుమారు చేయండి. అప్పుడు మూత బిగించి, రిమోటు పిల్ల చేతికివ్వండి.