ప్లగ్ మీది అంకె

మా తాండాలో పాత బండిని ఎవరూ క్లాసిక్ అనరు. ఆ మాట నేను కర్నూలులో విన్నాను, ఎజ్డీ బండ్లను వెదికి కొని రంగులు వేయించుకునే పిల్లల నోట. మాకది నాయన బండి. ఓర్వకల్లు నుంచి మట్టిదారిలో జొన్న మూటలు, దాణా, నీళ్ల క్యాన్లు, జ్వరమొచ్చిన మనిషి, అన్నీ దాని మీదే వచ్చేవి. మా సుగాలీ పెద్దలు ఎద్దుల మీద ఉప్పు, ధాన్యం మోసి బతికిన వాళ్లు గదా. ఎద్దు పోయి బండి వచ్చింది, మోత మాత్రం పోలేదు.

ఎజ్డీ రోడ్‌కింగ్‌కు సైలెన్సర్లు రెండున్నా సిలిండరు ఒకటే. 250 సీసీ, టూ స్ట్రోక్. దాన్ని చేసిన మైసూరు ఐడియల్ జావా కర్మాగారం 1996లో మూతపడింది. సిలిండరు ఒకటే కాబట్టి ప్లగ్గూ ఒకటే. అది చచ్చిందంటే బండి నిలబడిపోయినట్టే.

మా అక్కను కాన్పుకు తీసుకుపోయిన రాత్రి అట్లే నిలబడింది. నాయన ముందు, అక్క నడుమ, పట్టుకోను యాడి వెనక. నేను సైకిలు మీద వెంట. గుట్టల దగ్గర ఎక్కుడులో బండి రెండుసార్లు దగ్గి ఆగిపోయింది. నాయన ప్లగ్ ఊడదీసి టార్చి కింద చూసినాడు. రెండు కొనల మధ్య మసి వంతెన కట్టింది. ఇంక నిప్పురవ్వ ఎగరడానికి సందేది? పంచె కొంగులో చుట్టి పెట్టుకున్న ఇంకో ప్లగ్ బిగించినాడు, ఒక్క కిక్కుకే అందుకుంది. ఆ రాత్రి పుట్టిన మా మేనకోడలు ఇప్పుడు డిగ్రీ చదువుతోంది.

నాయనకు చదువు రాదు. కానీ ప్లగ్ మీది అంకె మాత్రం బొమ్మలాగా గుర్తుపెట్టుకున్నాడు. అంగట్లో "ఇదీ అదీ ఒకటేలేప్పా" అన్నా తీసుకునేవాడు కాదు. ఎందుకంత పట్టుదలో నేను ఐటీఐలో చేరినాకే తెలిసింది.

ఆ అంకె ప్లగ్ వేడిని ఎంత త్వరగా హెడ్‌కు వదిలేస్తుందో చెప్తుంది. ప్లగ్ కొన సుమారు 450 డిగ్రీలు దాటితే తన మసిని తానే కాల్చుకుంటుంది. 850 దాటిపోతే నిప్పురవ్వ రాకముందే పెట్రోలు అంటుకుంటుంది, పిస్టనుకు బొక్క పడేదాకా వస్తుంది. ఈ రెంటి మధ్య ఉంచేదే సరైన ప్లగ్. వేడిని త్వరగా వదిలేదాన్ని చల్ల ప్లగ్ అంటారు, నిదానంగా వదిలేదాన్ని వేడి ప్లగ్ అంటారు.

తిరకాసు ఇక్కడే ఉంది. ఎన్‌జీకే ప్లగ్‌లో అంకె పెరిగితే చల్లన. ఇప్పటి బాష్‌లో అంకె పెరిగితే వేడి. పాత మైకో ప్లగ్‌ల మీద మూడంకెలుండేవి, వాటిలో మళ్లీ పెద్దదే చల్లన. ఏడు దొరకలేదని వేరే కంపెనీ ఏడు కొనుక్కుంటే అది ఇంకో ప్లగ్ అయి కూర్చుంటుంది. రెండు కంపెనీల అంకెలు సరిచూసే పట్టిక మంచి అంగడిలో ఉంటుంది, అడిగి చూపించుకోవాలి. సిగ్గెందుకు? డబ్బు మనది.

అక్షరాలూ ఊరికే లేవు. బి8హెచ్ఎస్ అని ఉంటే, బి అంటే 14 మిల్లీమీటర్ల మర, హెచ్ అంటే 12.7 మిల్లీమీటర్ల పొడుగు. హెచ్ స్థానంలో ఇ ఉంటే 19 మిల్లీమీటర్లు. పొట్టిది ఉండాల్సిన చోట పొడుగుది బిగిస్తే పిస్టను దాన్ని కొడుతుంది. ఫిజిక్సు చెప్పే సార్లు ఒకసారి పాత ప్లగ్‌లు నాలుగు తరగతికి తీసుకుపోండి. ఉష్ణవాహకత గురించి బోర్డు మీద గీసే బొమ్మకంటే అవి ఎక్కువ చెప్తాయి.

"మన కర్నూలు ఎండకు చల్ల ప్లగ్ వేయాలన్నా" అంటారు కొందరు. ఎండ 42 డిగ్రీలైనా సిలిండరు లోపలి మంటతో పోలిస్తే అదెంత? ప్లగ్‌ను కాల్చేది మోత, ఎక్కుడు, ఆగకుండా గుంజిన వేగం. ముందు కంపెనీ పుస్తకంలో చెప్పిన అంకె వేసి, కొన్నాళ్లు నడిపి, ఊడదీసి పింగాణీ రంగు చూడాలి. లేత ఇటుక రంగుంటే మార్చే పనిలేదు. తడి నలుపైతే ఆయిల్ పాలు, కార్బరేటర్, పాయింట్లు చూడాలి. తెల్లగా పొక్కులు పొక్కితే ఎక్కడో గాలి పీలుస్తోందేమో వెదకాలి. ఇవి సరిచేయకుండా ప్లగ్ అంకె మార్చడం, జ్వరమొస్తే దుప్పటి మార్చినట్టు.

ఖరీదైన ఇరీడియం ప్లగ్ పాత బండికి తప్పనిసరి కాదని నా అభిప్రాయం. అంకె సరిపోతే మామూలుదే చాలు. ఆ డబ్బుతో రెండు మామూలువి కొని, ఒకటి డబ్బాలో ఉంచుకోవచ్చు.

పోయిన నెల మా చిన్నాయన కొడుకు ఆర్ఎక్స్ 100 కొన్నాడు. వాడికీ అదే పిచ్చి, పాత బండి అంటే. కొత్త ప్లగ్ తెచ్చి పానా చేతికి తీసుకున్నాడు. "పానా పక్కన పెట్టు, ముందు పాతదాని పక్కన నిలబెట్టి చూడు" అన్నాను. పొడుగు సరిపోయింది, అక్షరాలూ సరిపోయినాయి. ఫీలర్ గేజి పెట్టి కొనల సందు కొలిచినాడు. తర్వాత వేళ్లతోనే మర ఎక్కించి, వాషరు ఆనినాక పానాతో అర చుట్టు తిప్పి ఆపినాడు. ఇంకొంచెం బిగిద్దామని చెయ్యి పోతుంటే నేనే పట్టుకున్నాను. అల్యూమినియం హెడ్, మర పోయిందంటే ప్లగ్ ఖర్చుతో తేలేది కాదు.