మక్కలు ఆరబోసిన రోడ్డు

ఎక్కువమందికి ఎక్కువ మేలు చేసేదే సరైన పని అంటుంది ఉపయోగితావాదం. డిబేట్‌లో దీన్ని ఎత్తుకునేవాళ్లు చాలామంది తలలు లెక్కపెట్టి ఊరుకుంటారు. 1789లో వచ్చిన జెరెమీ బెంథామ్ పుస్తకంలో తలల లెక్క ఏడు కొలతల్లో ఒకటి, అదీ చివరిది. సుఖదుఃఖాల తీవ్రత ఎంత, ఎన్నాళ్లుంటాయి, కచ్చితంగా కలుగుతాయా, ఎంత త్వరగా కలుగుతాయి, వెంట ఏం తెస్తాయి అన్నవన్నీ దానికి ముందే ఉన్నాయి.

కామారెడ్డి జిల్లా భిక్నూర్‌లో తెలంగాణ విశ్వవిద్యాలయం దక్షిణ ప్రాంగణం ఉంది. వాదం కట్టడం నేర్చుకునే విద్యార్థి అంశం వెతుక్కుంటూ లైబ్రరీకే పోనక్కర్లేదు. కోతల కాలంలో ఊళ్లను కలిపే రోడ్డు వెంట నడిస్తే చాలు. తారు మీద సగం మేర మక్కలు పరిచి ఉంటాయి. ఆడవాళ్లు గింజల మధ్య పాదాలు ఈడుస్తూ చాళ్లు తీస్తారు. బండ్లు మీదికి రాకుండా అంచు పొడవునా రాళ్లు పేరుస్తారు. పగలు ఆ రాళ్లు బండివాడికి కనబడతాయి. చీకటి పడ్డాక రాయీ, నల్ల కవరు కప్పిన కుప్పా రోడ్డులో కలిసిపోతాయి.

రోడ్ల మీద ఆరబోయడాన్ని నిషేధించాలా? తలలు లెక్కపెడితే ప్రయాణికులదే గెలుపు. కానీ మక్కల్లో తేమ 14 శాతం దాటితే కొనుగోలు కేంద్రంలో తీసుకోరు. వేడెక్కిన తారు మీద గింజ తొందరగా ఆరుతుంది. అంటే రైతు నష్టం దగ్గరిది, దాదాపు కచ్చితమైనది. బండివాడి ప్రమాదం అరుదైనదే అయినా, జరిగితే ప్రాణమే పోవచ్చు. గట్టి వక్త ఈ రెండింటినీ పక్కపక్కన పెట్టి తూస్తాడు. అంతకన్నా గట్టివాడు, నిషేధమా కాదా అన్న ప్రశ్ననే మార్చి కల్లం సంగతి ఎత్తుతాడు. ఆరబెట్టుకునే సిమెంటు కల్లాలు ఊరూరా ఉంటే ఇద్దరికీ నష్టం తప్పుతుంది. ఉపాధి హామీ నిధులతో తెలంగాణ వాటిని కట్టిస్తే, ఆ 151 కోట్లు తిరిగి కట్టమని 2022లో కేంద్రం అడిగింది. కల్లానికి డబ్బెవరిది అన్నది అక్కణ్నుంచి వేరే డిబేట్.

ఈ లెక్క పడమరగా, ఇదే జిల్లాలోని నిజాంసాగర్ దగ్గరికొచ్చేసరికి తడబడుతుంది. 1923లో మొదలై 1931లో పూర్తయిన ఆ ఆనకట్ట కోసం దాదాపు 40 ఊళ్లు ఖాళీ అయ్యాయి. లక్షల ఎకరాలకు నీళ్లన్నది నిజమే. కానీ పోగొట్టుకున్నవాళ్లు వేరు, పొందినవాళ్లు వేరు. ఒకరి కన్నీటిని ఇంకొకరి పంటతో కొట్టివేయడానికి బెంథామ్ తక్కెడలో అడ్డేమీ లేదు. ప్రతిపక్షం పట్టుకోవాల్సింది అక్కడే.

తెలుగు సభల్లో ఈ ఘట్టంలో విదురుడు వస్తుంటాడు. వంశం కోసం ఒకణ్ణి, ఊరి కోసం వంశాన్ని, దేశం కోసం ఊరిని విడిచిపెట్టమన్నాడని చెప్పి చప్పట్లు కొట్టించుకుంటారు. విదురుడు అక్కడ ఆగలేదు. ఆత్మ కోసం భూమినంతా విడిచిపెట్టమన్నాడు. మూడు మెట్లు చెప్పి దిగిపోయిన వక్తకు ఆ నాలుగోదాన్ని ఎదుటివాడు గుర్తుచేస్తాడు.